శనివారం పనిచేసిన మాత్ర

2022 జూన్. తొలకరి పడి కడియం నర్సరీలన్నీ మొక్కలకి అంట్లు కట్టే పనిలో మునిగి ఉన్నాయి. మా మెడికల్ షాపు సెంటరుకి కాస్త ఎడంగా, మొక్కల లారీలు తిరిగే రోడ్డు పక్కన ఉంది. బీఫార్మసీ చదివి, అప్పటికి పంతొమ్మిదేళ్లుగా ఆ కౌంటరు వెనకాలే నిలబడి ఉన్నాను. జ్వరమొచ్చినా దగ్గొచ్చినా మా చుట్టుపక్కల వాళ్లు ముందు నా దగ్గరికే వచ్చి, "ఏం వేసుకోమంటారండీ" అంటారు. అడిగితే చెప్పకుండా ఉండలేకపోవడం నా బలహీనత. అడగకపోయినా చెబుతానని మా ఆయన అంటారు. ఇప్పుడు రాస్తున్న సంగతికి ఆ బలహీనతే మూలం కాబట్టి దాన్ని ముందే ఒప్పేసుకుంటున్నాను.

వీర్రాజు గారు మా షాపుకి అర కిలోమీటరు దూరంలో ఉన్న నర్సరీలో అంట్లు కట్టేవారు. వయసు అప్పటికి యాభై ఎనిమిది. టెంక నుంచి మొలిచిన మామిడి మొక్క తల కోసి, మంచి రకం చెట్టు నుంచి తెచ్చిన పుల్లను ఏటవాలుగా చెక్కి, రెండు కోతలూ ఒకదానికొకటి అతుక్కునేలా ప్లాస్టిక్ రిబ్బనుతో బిగించి కట్టడమే ఆయన పని. చెప్పడానికి ఇంతే. కానీ కోత ఒక్క ఊపులో పడాలి. ఆగి ఆగి కోస్తే చెక్కు గరుకుగా వస్తుంది, అంటు అతకదు. ఆయన కట్టిన అంటు పోయిందన్న మాట ఆ నర్సరీలో పెద్దగా వినపడేది కాదు.

ఆయనకి పార్కిన్సన్స్ అని రాజమండ్రిలో న్యూరాలజిస్టు, అంటే మెదడు, నరాల డాక్టరు, తేల్చి అప్పటికి మూడేళ్లు. మొదట ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మాత్ర నలుపుతున్నట్టు వాటంతటవే కదిలేవట. అంతకు చాలా ముందే సంపెంగ మొక్కల మధ్య నిలబడి, "ఈ ఏడు పువ్వుకి వాసన లేదేంటి" అన్నారట. వాసన పువ్వుకి కాదు, ఆయన ముక్కుకి పోయింది. ఈ జబ్బు చాలామందిలో అలాగే, ఎవరూ పట్టించుకోని చోట మొదలవుతుంది.

డాక్టరు గారు లీవోడోపా రాశారు. మన మెదడులో నడిమి భాగాన, కింది వైపు, నల్లగా కనిపించే చిన్న చోటు ఒకటి ఉంటుంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారు చేస్తాయి. మనం నడిచేటప్పుడు అడుగడుగుకీ ఆలోచించం, చొక్కా గుండీ పెట్టుకుంటూ మాట్లాడేస్తాం. అలా కదలిక దానంతటది సాగిపోవడానికి డోపమైన్ కావాలి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు నెమ్మదిగా చచ్చిపోతాయి. లీవోడోపా మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారి ఆ లోటును కొంత తీరుస్తుంది. జబ్బును ఆపదు, లోటును పూడుస్తుంది. మందు పనిచేస్తున్న వేళని 'ఆన్' అనీ, దాని పని అయిపోయి ఒళ్లు మళ్లీ బిగుసుకునే వేళని 'ఆఫ్' అనీ అంటారు.

మందు మొదలుపెట్టిన వారంలో వీర్రాజు గారు వచ్చి, "కడుపులో తిప్పేత్తందమ్మా" అన్నారు. చీటీ మీద డాక్టరు గారు భోజనానికి అరగంట ముందు వేసుకోవాలని స్పష్టంగా రాశారు. నేనది చూశాను. చూసి కూడా, "పరగడుపున వేసుకుంటే తిప్పదా ఏంటండీ, అసలే వేడి మందు. శుభ్రంగా పెరుగన్నం తిని దాని మీద వేసుకోండి. చలవ చేస్తుంది" అన్నాను. మా వైపు ఏ బలమైన మాత్రకైనా ఇదే మాట. మా అమ్మ చెప్పేది, మా అత్తగారు చెప్పేవారు, పట్టా పుచ్చుకుని నేనూ చెప్పాను. ఆయనకి తిప్పడం తగ్గింది. ఏడాదిన్నర బాగానే ఉన్నారు. నా మాట మీద నాకు నమ్మకం ఇంకాస్త పెరిగింది.

మళ్లీ జూన్ సంగతికి వస్తాను. ఒకరోజు పదకొండు గంటలకి షాపు మెట్టు ముందు వీర్రాజు గారు ఆగిపోయారు. వెనక ఇద్దరు నిలబడ్డారు. ఆయన ముఖంలో ఏ కదలికా లేదు. ఆర్నెల్లుగా ఆ ముఖం చూసి, ఈ మనిషికి ఎవరి మీదో కోపమని నేను అనుకుంటూ వచ్చాను. ముఖంలోని కండరాలు కూడా బిగుసుకుంటాయని, లోపల నవ్వినా బయటికి రాదని చదువుకున్న దాన్నే.

"లోపలికి రండి వీర్రాజు గారూ, అలా దారికి అడ్డంగా నిలబడితే ఎలాగండీ" అన్నాను.

"వత్తన్నానమ్మా. కాలు రావట్లేదు" అన్నారు. గొంతు మరీ చిన్నగా ఉంది.

కాలు నేలకి అతికించినట్టు ఆగిపోయే దీన్ని ఫ్రీజింగ్ అంటారు. గుమ్మాల దగ్గర, మలుపుల దగ్గర ఎక్కువ. నేను సిగ్గుపడి బయటికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. కుర్చీలో కూర్చోబెట్టాక ఆయన అసలు సంగతి చెప్పారు. రోజుకి అంట్లు బాగా తగ్గిపోయాయి, కట్టినవి కూడా కొన్ని పోతున్నాయి. నర్సరీ యజమాని మంచివాడే. శ్రావణం వెళ్లేదాకా చూద్దామని, అప్పటికీ ఇలాగే ఉంటే గేటు దగ్గర కుర్చీ వేయిస్తానని, వచ్చేపోయే బళ్లు చూసుకుంటే చాలని అన్నాడట.

"కూర్చునే పనైతే మంచిదే కదండీ" అన్నాను.

ఆయన ఒళ్లో ఎడమ చెయ్యి వణుకుతోంది. దాని వంక చూసుకుంటూ, "ఈ చెయ్యి ఊరికే ఉంటే వణుకుద్దమ్మా. పుల్ల పట్టుకుంటే ఊరుకుంటది. గేటు కాడ కూకుంటే రోజంతా వణుకుతానే ఉండాల" అన్నారు.

ఆ మాటతో నాకు రెండు సంగతులు తెలిశాయి. ఈ జబ్బులో వణుకు చెయ్యి విశ్రాంతిగా ఉన్నప్పుడే ఎక్కువ, పనిలో పెడితే తగ్గుతుంది. ఆయన్ని పని దగ్గర ఓడిస్తున్నది వణుకు కాదు, కదలిక నెమ్మదించడం. రెండోది, ఆయనకి కావలసింది కుర్చీ కాదు. మాత్ర అందించి పంపించేశాను. ఏం చేయాలో నాకు తోచలేదు.

ఆయన భార్య సత్యవతికి మాత్రం ఏం చేయాలో తెలుసు. మనిషి చిక్కిపోయాడు, బలం లేకే కాలు సాగట్లేదని ఆవిడ లెక్క. పొద్దున్న చద్దన్నంలోకి గడ్డ పెరుగు, ఉడికించిన గుడ్లు రెండు, తర్వాత గ్లాసుడు గేదె పాలు. మధ్యాహ్నం ముద్దపప్పు, చేప. ప్రతి పూటా పక్కన కూర్చుని తినిపించి, దాని మీద మాత్ర వేయించేది. ఆవిడ పెట్టేకొద్దీ ఆయన బిగుసుకుపోతున్నారు. బిగుసుకునేకొద్దీ ఆవిడ ఇంకా పెడుతోంది. డాక్టరు గారు ఆ ఏడాది రెండుసార్లు డోసు పెంచారు. పెంచిన చీటీలు రెండూ నా చేతి మీదుగానే వెళ్లాయి.

వీటన్నిటితో పాటు ఆవిడ వాడపల్లి వెంకన్నకి మొక్కుకుంది. ఏడు శనివారాలు గుడికి వెళ్లి ఏడేసి ప్రదక్షిణాలు చేయిస్తానని. జూలైలో ఒక సోమవారం ప్రసాదం పట్టుకుని షాపుకి వచ్చింది.

"నాలుగో శనివారం అయ్యిందండి. ఏడు ప్రదక్షిణాలూ ఎక్కడా ఆగకుండా చేసేశారు. నాకన్నా ముందు నడిచేత్తన్నారండి. తెల్లారి ఆదివారం మళ్లీ మామూలే" అంది.

నాకు ఇలాంటివి వింటే కాస్త వెటకారం వస్తుంది. "గుళ్లో జనం వెనకనుంచి తోస్తారు కదండీ, అదే నడిపించేసి ఉంటుంది" అన్నాను.

"జనం తోత్తే ముందుకి పడతారు గానీ నడుత్తారేంటండీ? ఒక్క శనివారం కాదు, నాలుగు శనివారాలూ అంతే. వెళ్లేటప్పుడు ఆటో కూడా ఆయనే ఎక్కేశారు" అంది. నాలుగుసార్లు ఒకేలా జరిగిందంటే దాన్ని కొట్టిపారేయకూడదని నేర్పిన చదువే నాది.

"శనివారం పొద్దున్న ఏం తింటారండీ?"

"తినడం ఏంటండీ, ఒక్కపొద్దు కదా. మంచినీళ్లతో బిళ్ల వేసుకుని బయల్దేరతారు. దర్శనం అయ్యాకే ఏదన్నా."

"పెరుగన్నం తినరా?"

"ఉపోసం అని చెప్తంటే పెరుగన్నం అంటారేంటండీ" అని ఆవిడ నా వంక వింతగా చూసింది.

ప్రసాదం చేతిలోనే ఉండిపోయింది. కాలేజీలో పరీక్ష కోసం బట్టీ పట్టిన పేరా ఒకటి, పేజీలో ఏ మూల ఉందో సహా గుర్తొచ్చింది. లీవోడోపా, మనం తినే ప్రోటీన్ అరిగి వచ్చే పదార్థాలు, రెండూ పేగుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి ఒకే గుమ్మం గుండా వెళ్లాలి. గుడ్డు, పప్పు, పాలు, పెరుగు ముందే ఆ గుమ్మంలో కిక్కిరిసి ఉంటే మందు బయటే నిలబడిపోతుంది. వారానికి ఆరు రోజులు వీర్రాజు గారి మాత్ర అలా నిలబడిపోతోంది. శనివారం మాత్రం దారి ఖాళీ.

సత్యవతిని పంపించి, ఇనుప ఊచకి గుచ్చి ఉన్న పాత కాగితాలు తీశాను. ప్రిస్క్రిప్షన్ నలుగుతుందని ఇంట్లో దాచి, మందుల పేర్లు తన చేత్తో రాసి తెచ్చే అలవాటు వీర్రాజు గారిది. మొక్కల కవర్లకి రకాల పేర్లు రాసే చెయ్యి కాబట్టి అక్షరం గుండ్రంగా ఉండేది. చీటీలన్నీ కౌంటరు మీద వరసగా పరిచాను. నెలనెలకీ అక్షరం చిన్నదవుతూ వచ్చింది. ఆఖరి చీటీలో ప్రతి వరసా మామూలుగా మొదలై, చివరికి వచ్చేసరికి చీమతల అంత అయిపోయింది. ఇది కూడా ఈ జబ్బు లక్షణమే. ఎంత గొలుసుకట్టు రాత రాసిన డాక్టరు చీటీనైనా చదివేస్తానని గొప్పలు పోయే నేను, కళ్లెదుట ఉన్న ఈ రాతని చదవలేదు.

క్లినిక్‌కి ఫోన్ చేసి డాక్టరు గారితో మాట్లాడాను. నేను చెప్పిన పెరుగన్నం సలహాతో సహా అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన మాత్రం, "మందు వేసుకుంటున్నారా అని ప్రతిసారీ అడిగానండీ. దేంతో వేసుకుంటున్నారని నేనూ అడగలేదు. వేసుకుంటున్నామన్నారు, డోసు పెంచాను" అన్నారు.

"మరి మొదట్లో బాగానే పనిచేసింది కదండీ?"

"మొదట్లో మెదడులో మిగిలిన కణాలు మందుని కొంత దాచిపెట్టుకుని సర్దుకుంటాయి. మూడేళ్లలో అవీ తగ్గాయి. ఇప్పుడు ఏ పూట మందు ఆ పూట అందితేనే కదలిక. అందకపోతే కాళ్లలో బలం ఉన్నా, కదలమన్న కబురు సరిగ్గా వెళ్లదు" అని, వెంటనే ఒక జాగ్రత్త కూడా చెప్పారు. ప్రోటీన్ మాన్పించకూడదు, రాత్రి భోజనానికి మార్చాలి. పెంచిన డోసు ఇప్పుడు పూర్తిగా ఒంటబడితే ఒళ్లు అదుపు లేకుండా మెలికలు తిరగవచ్చు. అందుకని ముందు ఆయన్ని తీసుకురమ్మన్నారు, అప్పటిదాకా నన్ను ఏమీ మార్చవద్దన్నారు. ఈసారి చెప్పింది చెప్పినట్టు చేశాను.

సాయంత్రం ఐదింటికి వాళ్లింటికి వెళ్లాను. వీర్రాజు గారు అరుగు మీద కూర్చుని చొక్కా గుండీ పెట్టుకుంటున్నారు. ఒక్క గుండీ. నేను వెళ్లి, పీట వేయించుకుని, కూర్చుని, మంచినీళ్లు తాగేదాకా అదే గుండీ. ఇంక దాచి లాభం లేదని, "పెరుగన్నం మీద వేసుకోమన్నది తప్పండీ. డాక్టరు గారు ముందు వేసుకోమనే రాశారు. చూసి కూడా నేనే మార్చి చెప్పాను. మీకిలా అవడంలో నా తప్పు చాలా ఉంది" అన్నాను.

సత్యవతి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తర్వాత, "మీరు చెప్పారనే కదండీ చేశాం. డాక్టరు గారు రాసింది పక్కనెట్టి మీ మాటే పట్టుకున్నాం" అంది.

అందులో కోపం ఉంటే భరించేదాన్ని. కోపం లేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. పంతొమ్మిదేళ్లలో నాకు ఎవరు ఇచ్చిన మర్యాదా అంత పెద్దది కాదు, ఎవరు వేసిన దెబ్బా అంత పెద్దది కాదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అంతలో ఆవిడ ముఖం మారింది. "అయితే నేను దగ్గర కూకుని పెట్టిందే ఆయనకి అడ్డం పడిందా అండీ" అంది. అది ఇంకా కష్టంగా అనిపించింది. పెట్టడంలో తప్పు లేదని, వేళ ఒక్కటే తప్పని, ఆ వేళ చెప్పింది నేనని నాలుగు రకాలుగా చెప్పాను. ఎంత నమ్మిందో తెలియదు.

వీర్రాజు గారు ఆ గుండీ పెట్టుకోవడం పూర్తి చేసి, "రాజమండ్రి ఎప్పుడు వెళ్దారమ్మా? శ్రావణం వచ్చేత్తంది" అన్నారు.

ఆ వారంలోనే వెళ్లాం. డాక్టరు గారు డోసు కొంత తగ్గించి, వేళలు గంటలతో సహా కాగితం మీద రాశారు. పొద్దున్న ఆరున్నరకి మంచినీళ్లతో మాత్ర. కడుపులో తిప్పితే పాలు లేకుండా ఒక రస్కు. ముప్పావుగంట ఆగాక జావ. మధ్యాహ్నం కూడా ముందు మాత్ర, తర్వాత కూర, చారన్నం. గుడ్డు, పప్పు, చేప, పెరుగు అన్నీ రాత్రికి. సత్యవతి ఫోనులో అలారాలు నేనే పెట్టాను. "అన్నీ రాత్రికే పెడితే ఎలా తింటారండీ" అని ఆవిడ చాలా రోజులు సణిగింది.

ఒక్కరోజులో ఏదీ మారిపోలేదు. మొదటి వారం రెండుసార్లు కళ్లు తిరిగాయి, ఒకసారి కాలు మెలికలు తిరిగిందని భయపడి డాక్టరు గారికి ఫోన్ చేశారు. డాక్టరు గారు మాత్ర సగం చేసి వేళలు మళ్లీ సవరించారు. మూడో వారం ఒక మంగళవారం పొద్దున్న షాపు మా ఆయనకి అప్పజెప్పి నర్సరీకి వెళ్లాను. శ్రావణం అప్పటికే సగం అయిపోయింది.

ఆకుపచ్చ నీడ వల కింద గోనె పట్టా మీద వీర్రాజు గారు కూర్చుని ఉన్నారు. పక్కన తడిగుడ్డలో చుట్టిన పుల్లలు. యజమాని కాస్త దూరంలో మొక్కలు చూస్తున్నట్టు నిలబడి ఈయన్నే చూస్తున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో వణుకుతోంది. ఆ చేత్తోనే పుల్ల తీసుకున్నారు. వణుకు ఆగింది. కుడిచేత్తో కత్తి ఆనించి ఒక్క ఊపులో చెక్కారు. కోత నున్నగా, తడిగా మెరిసింది. మొక్క తల చీల్చి పుల్ల దించి, రిబ్బను చుట్టి, ముడి బిగించారు. మునుపటి వేగం లేదు. కట్టిన అంటు ప్రతిదీ సరిగ్గా ఉంది.

పదిన్నర దాటాక చెయ్యి బరువెక్కడం మొదలైంది. ఆయనే కనిపెట్టి కత్తి మడిచేశారు. యజమాని దగ్గరికి వచ్చి, "అంట్లు అతికితే పొద్దుటి పని మీదే వీర్రాజు గారూ. తర్వాత మీరు కట్టక్కర్లేదు, కట్టేవాళ్లని చూడండి చాలు" అన్నాడు. మూడు వారాలకి పుల్లలు చిగురు తొడిగాయి. అన్న మాట ప్రకారం కుర్చీ కూడా వచ్చింది, గేటు దగ్గరికి కాదు, నీడ వల కిందికి.

ఏడో శనివారం అయ్యాక సత్యవతి మళ్లీ ప్రసాదం తెచ్చింది. నేనేమంటానో ముందే ఊహించినట్టు, "స్వామి చూపించాడండీ. మీరు చూశారు" అంది. నేను వాదించలేదు. ఆ మొక్కు లేకపోతే ఖాళీ కడుపుతో మాత్ర వేసుకునే రోజే ఆయనకి వచ్చేది కాదు.

ఇది జరిగి కొన్నేళ్లయింది. జబ్బు తన పని తాను చేసుకుపోతోంది. 'ఆన్' వేళలు కుదించుకుపోయాయి, మాత్రలు పెరిగాయి, గుమ్మం దాటడానికి నేల మీద తెల్ల రంగుతో గీతలు వేయించుకున్నారు. గీత కనపడితే కాలు లేస్తుంది. వీర్రాజు గారు ఇప్పుడు రోజుకి కొద్ది అంట్లే కడతారు, కానీ కడతారు. చీటీ మాత్రం పొద్దున్నే, మాత్ర పనిచేసే వేళ చూసి రాస్తారు. ఆఖరి అక్షరం దాకా చదవగలుగుతున్నాను.

నేను నేర్చుకున్నది చాలా చిన్నది. ప్రతి మాత్రకీ, "దేంతో వేసుకుంటున్నారండీ" అని అడుగుతాను. చీటీలో రాసిన వేళని నా నోటితో మార్చను. చెప్పకుండా ఉండలేకపోవడం మాత్రం పూర్తిగా పోలేదు.

మొన్నామధ్య ఒకావిడ కొత్త చీటీ తెచ్చి, వాళ్ల నాన్నకి రాసిన మాత్ర చూపించి, "వేడి చేత్తదేమోనండీ, మజ్జిగతో వేయమంటారా" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా, భార్యతో మందులకి వచ్చి మూల కుర్చీలో కూర్చున్న వీర్రాజు గారి గొంతు వచ్చింది, చిన్నగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

"ఆ సంగతి ఈవిడ్ని అడక్కమ్మా. డాక్టరు గారికి ఫోన్ చేసి కనుక్కోమను."

తిరిగి చూశాను. ముఖంలో ఏ కదలికా లేదు. నిజంగా అన్నారో, ఆట పట్టిస్తున్నారో ఆ ముఖం చూస్తే తెలియదు. పక్కనున్న సత్యవతిని చూస్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. అప్పుడు తెలిసింది. నేను ఫోన్ తీశాను.